కుడివైపు చుక్కలు, ఎడమవైపు పోగు

ఆ రోజు పొద్దున నేను పౌడర్ రాసుకుని వెళ్ళాను. జరిగిందంతా అక్కడే మొదలైంది కాబట్టి నేనూ అక్కణ్ణుంచే చెబుతాను.

మే నెల. మెట్టుగూడలో మాది రేకుల ఇల్లు. స్నానం చేసి చీర కట్టుకునేలోపే మళ్ళీ చెమట. చెమటపొక్కుల పౌడర్ డబ్బా తీసి మెడకూ, చంకల్లోనూ, రొమ్ముల కిందా బాగా చల్లుకున్నాను. ఎవరో తెలియని అమ్మాయి ముందు రవిక విప్పాలి. దగ్గర వాసన రాకూడదని నా తాపత్రయం.

నాకు గడ్డ లేదు, నొప్పి లేదు. మేరీ టీచర్ చెప్పారని వెళ్ళాను. ఆవిడ మా ఇంటి దగ్గరి చర్చి హాల్లో సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పుతారు. యాభై రెండేళ్ళ వయసులో నేను అక్కడ చేరాను. ఒకరోజు ఆవిడ పుస్తకాలు మూయించి, "యాభై దాటిన వాళ్ళందరూ ఒకసారి రొమ్ము పరీక్ష చేయించుకోండమ్మా. ఏమీ లేకపోయినా సరే, చేయించుకోండి" అన్నారు. అందరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అక్క తన గడ్డను ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. చెప్పిన రోజుకు చెప్పీ లాభం లేకపోయింది.

స్కానింగ్ సెంటర్‌లో ఫోటో తీసే అమ్మాయి నన్ను మిషన్ ముందు నిలబెట్టి అడిగింది. "అమ్మా, పౌడర్ గాని, సెంటు గాని ఏమన్న పెట్టుకున్నరా?"

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఈ వయసులో సింగారించుకుని వచ్చిందనుకుంటుందేమో. చెమటకు తడిసి పౌడర్ ఎలాగూ పైకి కనబడడం లేదు.

"లేదు బిడ్డా" అన్నాను.

ఆ అమ్మాయి నమ్మింది. నమ్మకపోవడానికి కారణమేముంది?

రెండు పలకల మధ్య రొమ్మును పెట్టి నొక్కుతారు. నొప్పి పుడుతుంది. కానీ ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది. దానికి భయపడి మానుకోవలసినంత కాదు. ఇది నా తర్వాత వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నాను.

*

మూడు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. ఎవరినైనా తోడు తీసుకుని రమ్మన్నారు. తోడు అన్న మాట వినగానే ఫోన్ చేత్తో పట్టుకునే అరుగు మీదికి వచ్చాను. మా ఆయన దర్జీ. అరుగు మీదే మిషన్ వేసుకుని రవికలు కుడతాడు. తొక్కుతున్న కాలు ఆపి, "ఏందట?" అన్నాడు.

"రమ్మంటున్నరు."

"కాయితం ఇస్తరు గావచ్చు. గంతదానికి మొకం గట్ల పెట్టినవేందే?"

అంటూనే సూది కింద బట్టను సగం కుట్టుతో వదిలేసి లేచాడు. ఆయన అలా కుట్టు మధ్యలో లేవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మా బిడ్డ సునీత యాప్రాల్ నుంచి వచ్చింది. అక్కడ ఒక బడిలో ఆఫీసు పని చేస్తుంది. ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా ఒక ముసలావిడ బత్తాయి ఒలిచి తొనలు తనవాళ్ళకిస్తూ, నన్ను చూసి ఏమీ అడక్కుండా నా చేతిలోనూ రెండు తొనలు పెట్టింది. తినలేదు. తిరిగి ఇవ్వలేదు. పిలిచేదాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను.

రిపోర్టు చూసిన డాక్టరమ్మ చాలా చిన్నది. మా సునీత కంటే చిన్నది. నన్ను కూర్చోబెట్టి, తన కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది.

"అమ్మా, కుడివైపు చంక దగ్గర తెల్లగా చిన్న చిన్న చుక్కలు కనబడుతున్నయి. ఉప్పు చల్లినట్టు. అవి ఏమీ కాకపోవచ్చు. ఒక్కోసారి చెడ్డవి సుత కావచ్చు. సూది పెట్టి చూడాలె."

"చెడ్డవి అంటే క్యాన్సరా మేడం?" సునీత అడిగేసింది.

"ఇప్పుడే అనలేం. సూది పెట్టే ముందు మా పెద్ద మేడంకు ఒకసారి చూపిస్త. ఆమె గురువారం వస్తరు. ఎన్నో ఏండ్ల నుంచి ఇవే చూస్తున్నరు. నేను ఈ పనిలకు వచ్చి కొన్ని నెలలే అయితున్నది."

ఆ చివరి మాట ఆ పిల్ల అనక్కర్లేదు. అంది. అది నేను అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత చాలాసార్లు తలచుకున్నాను.

*

గురువారానికి ఆరు రోజులు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని పనికి వెళ్ళాను. మోండా మార్కెట్‌లో పప్పుల దుకాణంలో రాళ్ళు ఏరడం నా పని. పెళ్ళయిన ఏడాది నుంచీ అదే పని. చేటలో కందిపప్పు పోసుకుంటే చూపు దానంతటదే తిరుగుతుంది. ఆ ఆరు రోజులూ చూపు తిరిగింది గానీ నేను అక్కడ లేను. తెల్ల రాయి కనబడితే చాలు, ఉప్పు చల్లినట్టు అన్న మాట చెవిలో వినబడేది.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. సునీత రోజూ ఫోన్ చేసి, "అమ్మా, తిన్నవా?" అనేది. ఇంకేం అడగాలో దానికి తెలిసేది కాదు. మా ఆయన ఒకసారి అన్నం ముందు కూర్చుని, "మీ అక్క లెక్క..." అని ఆపేశాడు. కంచం జరిపి లేచాడు. నేను ఆ కంచం ముందు ఒక్కదాన్నే కూర్చుండిపోయాను.

చదువుకు మాత్రం వెళ్ళాను. మేరీ టీచర్ నా పక్కన కూర్చుని, "బాలమణి గారూ, ఇవాళ చదవొద్దులెండి. ఊరికే కూర్చోండి" అన్నారు. నా చెయ్యి పట్టుకుని మిగతావాళ్ళకు పాఠం చెప్పారు. ఒక చేత్తోనే బోర్డు మీద రాశారు.

*

గురువారం. పెద్ద డాక్టరమ్మ తెల్లజుట్టు మనిషి. గదిలో దీపాలు తగ్గించి, కంప్యూటర్ మీద నా బొమ్మలు పెట్టుకుని కూర్చున్నారు. చిన్న డాక్టరమ్మ పక్కన నిలబడి ఉంది. నన్ను గోడ పక్క కుర్చీలో కూర్చోమన్నారు. ఆవిడ బొమ్మను పెద్దది చేసి, చిన్నది చేసి చూశారు.

తర్వాత ఆవిడ కుర్చీ తిప్పి నన్ను చూశారు.

"అమ్మా, ఆ రోజు చంకలకు పౌడర్ రాసుకొని వచ్చినవా?"

నేను తల వంచుకున్నాను.

"నిజం చెప్పు. తిట్టను."

"రాసుకున్న మేడం. అడిగిన పిల్లకు లేదని చెప్పిన. సిగ్గయి."

చిన్న డాక్టరమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. పెద్దావిడ మాత్రం తల ఊపి, "కొన్ని పౌడర్లు ఫోటోల గిట్లనే పడతయి. చర్మం మీదివి లోపల ఉన్నట్టు కొడతయి. కుడిదిక్కు మడతల పేరుకున్నట్టున్నది. తుడిచి మళ్ళ తీయండి" అన్నారు.

తడిగుడ్డతో తుడుచుకుని మళ్ళీ ఆ పలకల మధ్య నిలబడ్డాను. కుడివైపు చుక్కలు ఒక్కటీ లేకుండా పోయాయి.

బయటికొచ్చి చెప్పగానే సునీత నన్ను పట్టుకుని ఏడ్చేసింది. మా ఆయన కండువాతో మొహం తుడుచుకుని గట్టిగా నవ్వాడు. "ఆ డబ్బా తెచ్చింది నేనే గదనే! నన్ను జైల్ల ఎయ్యమను!" అన్నాడు. బల్ల మీద కూర్చున్న పరాయివాళ్ళు కూడా నవ్వారు. వారం రోజుల తర్వాత నాకు ఆకలి వేసింది.

అప్పుడే చిన్న డాక్టరమ్మ తలుపు తీసి మమ్మల్ని ముగ్గురినీ లోపలికి పిలిచింది. ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు.

పెద్దావిడ ఇంకా కంప్యూటర్ ముందే ఉన్నారు. ఈసారి ఎడమవైపు బొమ్మ. లోపలికి, పక్కటెముకల దగ్గరగా ఒక చోట పెన్సిల్ మొన పెట్టి చూపించారు. నాకు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. మా ఆయనా కళ్ళు చిట్లించాడు.

"మీరేం పని చేస్తరు?" ఆయన్ని అడిగారు.

"దర్జీని మేడం."

"అయితే మీకు చెప్పుడు సులువు. బట్టల ఒక పోగు చిక్కుకొని గుంజితే చుట్టున్న పోగులన్ని అటే పోతయి గద. ఇగో, ఇక్కడ గట్ల గుంజినట్టున్నది. గడ్డ లేదు. కాని ఈ పోగులన్ని ఒక్క దిక్కు ఎందుకు పోతున్నయో తెలుసుకోవాలె. ఇక్కడ సూది పెడదాం."

మా ఆయన మొహం నల్లబడింది. "మొన్న కుడిదిక్కు అన్నరు. ఇయ్యాల ఎడమదిక్కు అంటున్నరు. రేపు ఎటు దిక్కు అంటరు?"

"ఏమయ్యా!" అన్నాను నేను.

"నువ్వు గమ్మున ఉండు. వారం సంది తిండి లేక చస్తున్నం. పౌడర్‌ను చూసి రోగం అన్నరు. ఇది సుత గసొంటిదే ఏదో అయి ఉంటది."

పెద్దావిడ కోపం తెచ్చుకోలేదు. "అనుమానం ఉండుడు తప్పు కాదు. ఇంటికి పోయి మాట్లాడుకోండి. కాని నెలలు కానియ్యకండి" అన్నారు.

బయట వరండాలో సునీత చిన్న డాక్టరమ్మను ఆపింది. "మేడం, నిజం చెప్పండి. మీకు కనబడ్డదా అది?"

ఆ పిల్ల గొంతు తగ్గించి అంది. "చూపించకముందు నాకు కనబడలే. చూపించినంక అది తప్ప ఇంకోటి కనబడ్తలేదు."

*

ఆ ఆదివారం మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. సునీత, వాళ్ళ నాన్న ఒకటయ్యారు.

"అమ్మా, ఇద్దరు డాక్టర్లు ఒక్కటే ఫోటో చూసిండ్రు. ఒకామెకు కనబడింది ఇంకొకామెకు కనబడలే. ఎవర్ని నమ్మాలె? మూడు నెలలు ఆగుదాం. అప్పుడు వేరేకాడ తీయిద్దాం."

"గట్లనే చేద్దాం. దానికి గడ్డ లేదు, నొప్పి లేదు. మంచిగున్న మనిషికి సూదులు గుచ్చి పరేషాన్ చేసుడు ఎందుకు?" అన్నాడు మా ఆయన.

ఆ మాట నాకూ తీపిగానే ఉంది. నాకు కావలసిందీ అదే. పౌడర్ దగ్గర అందరం నవ్వుకున్నాం కదా, అక్కడితో అయిపోతే ఎంత బాగుండు!

మర్నాడు దుకాణంలో చేట ముందు పెట్టుకున్నాను. కందిపప్పులో నల్ల రాయి ఎవరికైనా కనబడుతుంది. తెల్లదీ కనబడుతుంది. పప్పు రంగులోనే, పప్పు లావులోనే ఉండే ఎర్రమట్టి రాయి ఉంటుంది చూడండి, అది కొత్తవాళ్ళకు దొరకదు. నాకూ మొదటి రెండేళ్ళు దొరకలేదు. మా సేటు తల్లి నా పక్కన కూర్చుని, నేను బాగుచేసిన చేటలోంచే మళ్ళీ నాలుగు రాళ్ళు తీసి నా ముందు పెట్టేది. "ఎట్ల కనబడ్డయి అవ్వా?" అంటే చెప్పలేకపోయేది. "పప్పు పన్నట్టు రాయి పండదు బిడ్డా" అనేది, చేటలో పడుకున్న తీరే వేరని. అంతకు మించి ఆమెకూ తెలియదు. ఇప్పుడు నాకూ అంతే. ఎలా కనబడిందని అడిగితే చెప్పలేను. కనబడుతుంది, అంతే.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. చేటలో పెద్ద రాయి ఒకటి దొరికిందనుకోండి, మనసు నిండిపోతుంది. అమ్మయ్య, దొరికింది అనుకుంటారు. ఆ తర్వాత చూపు తేలిపోతుంది. చిన్న రాయి అక్కడే ఉండి సంచిలోకి పోతుంది. నేనూ అలా ఎన్నిసార్లు మాట పడ్డానో.

చేట ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఆ చిన్న డాక్టరమ్మకు నా పౌడర్ చుక్కలు దొరికాయి. అక్కడ ఆగిపోయింది. ఆ చుక్కలు పెట్టింది నేను. అబద్ధమాడింది నేను. ఆ పిల్ల చూపును కుడివైపు కట్టేసింది నేనే.

పెద్దావిడ ఏం చేశారు? దొరికిన రాయి రాయి కాదని తేల్చారు. తేల్చి చేట దించలేదు. చివరిదాకా చూశారు.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. "నేను సూది పెట్టించుకుంట."

"మళ్ళ షురూ చేసినవా?"

"ముప్పై ఏండ్ల సంది పప్పు ఏరుతున్న. నేను రాయి అంటే నీకు కనబడకున్న తీసి పారేస్తవు గద. పండ్లకింద పడ్డదాక ఆగుతవా?"

ఆయన మిషన్ మీది గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. "నాకు భయమైతున్నదే" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"నాకు సుత అయితున్నది. నడు, ఇద్దరం పోదాం" అన్నాను.

*

సూది పరీక్ష జూన్‌లో, మొదటి వానకు ముందు. ఫలితానికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల గురించి రాయను. ఎదురుచూసినవాళ్ళకు తెలుసు. ఎదురుచూడనివాళ్ళకు చెప్పినా తెలియదు.

ఫలితం మంచిది కాదు.

చిన్నదే అన్నారు. చేతికి అందేది కాదు, ఇంకో ఏడాదికి గానీ బయటపడేది కాదు అన్నారు. రొమ్ము మొత్తం తీయనక్కర్లేదు అన్నారు. చెడు మాటకు ముందూ వెనకా ఇన్ని మంచి మాటలు ఉంటాయని మా అక్కకు ఎవరూ చెప్పలేదు.

మేము లేచి వస్తుంటే చిన్న డాక్టరమ్మ వెంట వచ్చింది. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నేను కుడిదిక్కే చూసి ఆగిపోయిన. మేడం చూడకపోతే ఇది నా చేతుల నుంచి పోయేది. మాఫ్ చెయ్యుండ్రి."

"నేను పౌడర్ సంగతి చెప్తే నువ్వు ఆగకపోదువు బిడ్డా. సగం నాది."

"లేదమ్మా. చూసుడు నా పని."

నేను చదువు నేర్చుకున్న కొత్తలో బస్సు మీది బోర్డు ఒక్కో అక్షరం కూడబలుక్కునేదాన్ని. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయేది. ఇప్పుడు బస్సు ఆగకముందే తెలిసిపోతుంది. మధ్యలో ఏం జరిగిందంటే, చాలా బస్సులు వెళ్ళిపోయాయి. అంతే. అదే ఆ పిల్లతో చెప్పాలనుకున్నాను. కానీ ఇక్కడ వెళ్ళిపోయేవి బస్సులు కావు. అందుకే చెప్పలేదు. చెయ్యి గట్టిగా నొక్కి వచ్చేశాను.

*

ఆపరేషన్ బోనాల నెలలో అయింది. తర్వాత కొన్ని వారాలు రోజూ కరెంటు పెట్టించుకోవడానికి, అదే రేడియేషన్‌కు, వెళ్ళాను. చర్మం కమిలింది. అలసట ఎలా ఉండేదంటే చేట కూడా బరువయ్యేది. మేరీ టీచర్ మా ఇంటికే వచ్చి పాఠం చెప్పారు. సునీత సెలవులన్నీ నాకే పెట్టింది. పెట్టి, విసుక్కుంది. విసుక్కుని, ఏడ్చింది.

కట్లు విప్పిన తర్వాత ఒకరోజు చూస్తే మంచం మీద కొత్త రవిక ఉంది. తొడుక్కున్నాను. ఎడమవైపు లోపల మెత్తటి గుడ్డ మడత పెట్టి, కనబడకుండా కుట్టి ఉంది. రెండువైపులా సమంగా నిలబడింది. ఆయన నన్ను కొలతలు అడగలేదు. బయట మిషన్ చప్పుడు ఆగింది. కాసేపయ్యాక మళ్ళీ మొదలైంది.

*

మళ్ళీ మే వచ్చింది. మొదటి ఏడాది పరీక్ష. అక్క ఏడాది దాచింది, నేను ఏడాది దాటాను. ఇది రాయమన్నది మేరీ టీచరే. "మీ తర్వాత వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. అందుకని రెండు మాటలు చెబుతాను. పౌడర్ గురించి అడిగితే నిజం చెప్పండి. సిగ్గుపడకండి. మీ బొమ్మలు ఎవరు చూస్తున్నారో, ఇంకొకరు కూడా చూస్తారా అని అడగండి. అడిగితే మంచి డాక్టరు కోపగించుకోరు.

పొద్దున స్నానం చేసి ఏమీ రాసుకోకుండా, చెమటతోనే వెళ్ళాను. ఫోటో తీసే అమ్మాయి నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే తడిగుడ్డ చేతికిచ్చి నవ్వింది. "ఈసారి నమ్మనమ్మా!"

ఫోటో తీశాక బయట బల్ల మీద కూర్చున్నాం. నా బొమ్మలు చూస్తున్నది చిన్న డాక్టరమ్మే. నాకంటే ముందు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత వచ్చినవాళ్ళూ కొందరు వెళ్ళిపోయారు. మా ఆయన లేచి తలుపు దాకా నడిచి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి వచ్చాడు.

"ఇంతసేపు ఏందే? పోయినసారి ఇంతసేపు చేయలేదు. ఏమన్న ఉన్నదంటవా?"

నాకూ అదే భయం. అయినా ఆయన చొక్కా కొస పట్టుకుని కూర్చోబెట్టాను. "చూడనీ."

చివరికి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చీకట్లో చూసి చూసి.

"నాకు ఏం కనబడలేదమ్మా. కుడిదిక్కు, ఎడమదిక్కు, పాతవి పక్కన పెట్టుకొని రెండుసార్లు చూసిన. అయినా పెద్ద మేడం సుత చూస్తరు. ఇంకో గంట పడుతది. కూర్చుంటరా?"

మా ఆయన నా మొహం చూశాడు.

"కూర్చుంటం బిడ్డా" అన్నాను. "నిమ్మళంగ చూడమను."